యాదికి తెచ్చే గోలి

నేను మానసిక వైద్యురాలిని. రిటైరయ్యాక కరీంనగర్‌లోనే స్థిరపడ్డాను. ఇప్పటికీ పొద్దున తొమ్మిది కావస్తుంటే మనసు ఇంట్లో నిలవదు. ఆసుపత్రిలో మా ఓపీ గది, ఇనుప బల్ల, దాని మీద ఎప్పుడూ చల్లారిపోయి ఉండే చాయ్, తలుపు దగ్గర "అవ్వా, జర జరుగు" అని కసిరే అటెండర్ గొంతు, అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. సెలవు రోజు కోసం ఎదురుచూసిన మనిషినే నేను. ఇప్పుడు అన్నీ సెలవులే. ఎందుకో ఏ ఒక్కటీ సెలవులా ఉండదు.

కొత్తగా ఉద్యోగంలో చేరే డాక్టర్లు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. "మేడం, మీ అనుభవం చెప్పండి" అంటారు. నాకు వచ్చిన ప్రమోషన్లు, బదిలీలు, ఆ ఫైళ్ల గోల వాళ్లకు ఎందుకు? నేను చెప్పగలిగేది ఒకే ఒక్క రకం మందు గురించి. నా సర్వీసులో అన్నిటికన్నా ఎక్కువగా రాసిన మందు, అన్నిటికన్నా ఎక్కువగా భయపడిన మందు అదే. ఆ మందు ఏం చేస్తుందో పుస్తకాల్లో ఉంది. ఏం తీసుకుపోతుందో మాత్రం నేను సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒక కార్మికుడి భార్య దగ్గర తెలుసుకున్నాను.

నిద్ర ఎక్కడున్నది?

నేను చేరినప్పుడు మా విభాగానికి పెద్ద విఠల్ సారు. ఇచ్చోడ దగ్గరి మనిషి. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ముడతలు పడ్డ చొక్కాతో ఉండేవారు. కోపం ఎక్కువ. రోగుల మీద కాదు, మా మీద. మందుల చీటీ రాసి సంతకానికి తీసుకెళితే అద్దాలు ముక్కు మీదికి జారవేసుకుని "ఇది ఎప్పుడు ఆపుతవ్?" అని అడిగేవారు. ఎందుకు రాశావని అడగరు. ఎప్పుడు ఆపుతావనే అడుగుతారు. జవాబు లేకపోతే చీటీ వెనక్కి వచ్చేది.

చేరిన కొత్తలో ఒకరోజు నన్ను పిలిచి ఆ రకం మందుల్లో ఒకటైన డయాజిపామ్ అణువు బొమ్మ గీయమన్నారు. చదువుకున్నదే కాబట్టి గీశాను. బెంజీన్ వలయం, దానికి అతుక్కుని ఏడు మూలల ఇంకో వలయం, అందులో రెండు నత్రజని పరమాణువులు, ఒక పక్కన క్లోరిన్. సారు ఆ బొమ్మను చాలాసేపు చూసి, "మంచిగున్నది. ఇందుల నిద్ర ఎక్కడున్నదో సూపియ్యి" అన్నారు.

నేను పెన్సిల్ మొనను ఆ వలయాల మీద అటూ ఇటూ తిప్పాను.

"లేదు బిడ్డా. నిద్ర ఇందుల లేదు, మనిషిల ఉన్నది. మన మెదడుకు దేవుడిచ్చిన బ్రేకు ఒకటి ఉన్నది. గీ గోలి ఆ బ్రేకును తొక్కదు. నువ్వు తొక్కినప్పుడు ఇంకింత గట్టిగ పడేటట్టు జేస్తది, గంతే."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మెదడులో కణాలను శాంతపరిచే రసాయనం ఒకటి సహజంగానే ఊరుతుంది. అది వచ్చి తన చోట కూర్చోగానే కణం గోడలో ఒక ద్వారం తెరుచుకుని క్లోరైడు లోపలికి వెళుతుంది. కణం ఉద్రేకం తగ్గి ఊరుకుంటుంది. మన గోలి ఆ పక్కనే కూర్చుని ఆ ద్వారాన్ని మరిన్నిసార్లు తెరిపిస్తుంది. భయం తగ్గుతుంది, కండరాలు వదులవుతాయి, నిద్ర వస్తుంది. రాసిన డాక్టరుకు మంచి పేరు కూడా వస్తుంది.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. నెలల తరబడి బయటి నుంచి సాయం అందుతుంటే మెదడు తన సొంత బ్రేకును అశ్రద్ధ చేస్తుంది. విఠల్ సారు చిన్నప్పటి నుంచీ నిర్మల్ ఘాట్ దిగే లారీలను చూసిన మనిషి. "ఘాట్ నడుమ బ్రేకు ఊడగొడితే ఏమైతది? గీ గోలిని ఒక్కసారి ఆపితే గదే అయితది" అనేవారు. వణుకు, చెమటలు, లేనివి కనిపించడం, మూర్ఛ. ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

ఈ కుటుంబంలోనే ఇంకో మందు ఉంది, ఆల్ప్రజోలం. అదే ఏడు మూలల వలయానికి ఐదు మూలల వలయం ఒకటి అదనంగా అతికించి ఉంటుంది. ఆ చిన్న మార్పుతో మందు బలం ఎన్నో రెట్లు పెరిగింది. చిటికెడు పొడి చాలామందిని పడుకోబెడుతుంది. త్వరగా పనిచేస్తుంది, త్వరగానే దిగిపోతుంది. అందుకే దాన్ని విడిచిపెట్టడం మరీ కష్టం. ఆ చిటికెడు పొడి మా జిల్లాల్లో ఎక్కడెక్కడికి చేరిందో అప్పటికి నాకు తెలియదు.

దుకాణం బంద్ అయిన వారం

సాంచాలు నడిచే ఒక చిన్న పట్టణం. పేరు రాయను. అక్కడ జనం సాయంత్రం పని దిగాక కల్లు కాంపౌండుకు వెళ్లేవారు. ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు, అందరూ. దినమంతా సాంచాల మోతలో నిలబడిన ఒళ్లుకు అది అలవాటు. ఎవరో ఫిర్యాదు చేయడంతో ఎక్సైజు వాళ్లు వచ్చి ఆ కాంపౌండుకు తాళం వేశారు. మంచి పనే. కానీ తాళం వేసినవాళ్లు మాకు ఒక్క మాట చెప్పలేదు.

రెండు రోజులు తిరగకుండానే మా ఆసుపత్రికి ఆటోలు రావడం మొదలైంది. ఒకాయన నాలుక కరుచుకున్నాడు. ఒకామె గోడ మీద చీమలు పాకుతున్నాయని కొంగుతో దులుపుతోంది. వార్డు నిండిపోయి వరండాలో చాపలు పరిచాము. వాళ్లలో లచ్చవ్వ ఒకతె. నలభై దాటిన మనిషి, బక్కపలచన. ఆసుపత్రికి తెచ్చేలోపే ఆటోలో మూర్ఛ వచ్చిందట. మంచం మీద పడుకుని రెండు చేతులూ గాలిలో ఆడిస్తోంది. ఎడమ చేత్తో దేన్నో పట్టుకున్నట్టు, కుడి చేత్తో తిప్పుతున్నట్టు.

"ఏం చేస్తోంది?" అని అడిగాను.

మంచానికి కాస్త ఎడంగా నిలబడ్డ అమ్మాయి చెప్పింది. లచ్చవ్వ కూతురు రజిత. పెళ్లి కాలేదు, బట్టలు కుట్టే పనికి వెళుతుంది.

"కండెలు సుడుతుంది మేడం. మా అవ్వ పని గదే. సాంచాలకు నూలు కండెలు సుట్టుడు."

"ఎంతకాలంగా తాగుతోంది?"

"బాపు బీమారిల ఉన్నప్పటిసంది. బాపు పోయి గూడ శాన ఏండ్లాయె."

ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల తల్లి వైపు చూడలేదు. అది నేను గమనించాను. అర్థం మాత్రం చేసుకోలేదు.

నేను అందరికీ తాగుడు మానినప్పుడు వచ్చే వణుకుకు ఇచ్చే వైద్యమే మొదలుపెట్టాను. వారం రోజుల్లో ఇంటికి పంపవచ్చని లెక్క. విఠల్ సారు వచ్చి వరండాలో ఒక్కో చాప దగ్గరా కూర్చుంటూ లచ్చవ్వ దగ్గర ఆగారు. రజితను అడిగారు.

"మీ అవ్వ ఎంత తాగుతది?"

"సీస, సీసన్నర. అంతే సారు."

"తాగినంక ఏం జేస్తది?"

"ఏం జెయ్యది. పంటది. తెల్లారి అడిగితే రాత్రి బువ్వ తిన్నది గూడ యాదికుండది."

సారు లేచి నా వైపు తిరిగారు. "సీసన్నర కల్లుకు గింత వణుకు రాదు. మా దిక్కు పొద్దుగాల చెట్టు మీదికెల్లి దింపిన కల్లు కుండెడు తాగినోడు గూడ తెల్లారి పొలానికి పోతడు. గా ఊర్ల తాటిచెట్లెన్ని ఉన్నయి? గింతమందికి కల్లు యాడికెల్లి వస్తుంది? కల్లు కాదిది. నీళ్లల్ల గోలి పొడి."

పరీక్షకు పంపిన కల్లు నమూనాల్లో తర్వాత తేలింది అదే, ఆల్ప్రజోలం. కానీ సారు ఫలితం కోసం ఆగలేదు. తాగుడు వణుకైతే వారంలో తగ్గుతుంది. ఈ మందు వణుకుకు నెలలు కావాలి. వేరేచోట వారంలో ఇంటికి పంపిన కొందరు మళ్లీ మూర్ఛలతో మా దగ్గరికే వచ్చారు. మేము అందరినీ డయాజిపామ్‌కు మార్చాం. అది ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది, కాలేయం దాన్ని మార్చినా ఆ మారిన పదార్థం కూడా పనిచేస్తుంది. అందుకే మెల్లగా దిగుతుంది. ఘాట్ దిగడానికి అలాంటి బండి కావాలి.

కొత్తగా వచ్చే పిల్లలకు ఒక మాట సూటిగా చెబుతాను. కల్లులో పొడి కలిపినవాణ్ని తిట్టడం తేలిక. ఒళ్లునొప్పులకు, గ్యాసుకు, బీపీకి, దేనికి వచ్చినా చీటీ చివర "రాత్రికి ఒకటి" అని రాసి మర్చిపోయే డాక్టర్లను నా సర్వీసంతా చూశాను. చీటీ లేకుండా అమ్మే మందుల షాపులను చూశాను. వాళ్లకూ కల్లు కాంపౌండు వాడికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మళ్లా చచ్చిపోయిండు

లచ్చవ్వ కోలుకుంది. చేతులు గాలిలో ఆడించడం ఆగింది. ఇంటికి వెళ్లి, రెండు వారాలకోసారి ఓపీకి వచ్చేది. ప్రతిసారీ మందు కొద్దిగా తగ్గించేవాళ్లం. రజిత వెంట వచ్చేది గానీ లోపలికి వచ్చేది కాదు. బయట బల్ల చివర ఫోన్ చూసుకుంటూ కూర్చునేది.

మందు సగానికి వచ్చేసరికి లచ్చవ్వ ముఖం మారింది. నాకు అది బాగయ్యే లక్షణంగానే కనిపించింది. అంతకుముందు ఏం అడిగినా "మంచిగనే ఉన్న" అనేది, అన్నిటికీ అదే మాట. ఇప్పుడు ఎండ అంటోంది, బస్సులో సీటు దొరకలేదు అంటోంది, పక్కింటామె మీద కోపం వచ్చిందంటోంది. ఆ తర్వాతి విడత వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోకుండా బల్ల పట్టుకుని నిలబడి, నా మీదికి ఒంగి అంది.

"నీ మందు మంచిది గాదు డాక్టరమ్మా. మా ఆయన మళ్లా చచ్చిపోయిండు."

"మళ్లీ అంటే?" అన్నాను.

"పొయ్యి ముంగట కూసున్న. కూర దించుతున్న. గప్పుడే యాదికొచ్చింది, గీ మనిషి లేడు అని. ఇన్నేండ్లు తెల్వదా నాకు? తెలుసు. దినాలు జేసిన్రు, గాజులు తీసిన్రు, అన్ని తెలుసు. గని నాకు దుఃఖం రాలే. గిప్పుడొస్తుంది. నిన్ననే పోయినట్టున్నది. గిట్లెందుకైతుంది?"

ఆమె భర్త రాజేశం సాంచాలు నడిపేవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టి నెలల తరబడి ఇంట్లోనే ఉన్నాడు. లచ్చవ్వ పగలంతా కండెలు చుట్టి, వచ్చి అతనికి స్నానం చేయించి, తినిపించి, ఆ దగ్గు వింటూ కూర్చోలేక ఎవరో చెబితే కాంపౌండుకు వెళ్లడం మొదలుపెట్టింది. తాగితే నిద్ర పట్టేది. ఆ సీసాలో ఏముందో ఆమెకు తెలియదు. అతను పోయాక అది ఇంకా పెరిగింది. భయాన్ని ఆపిన మందు దుఃఖాన్ని కూడా ఆపేసింది. ఆ మందుకు భయమేదో దుఃఖమేదో తెలియదు. ఎదురొచ్చిన ప్రతిదాన్నీ చల్లబరచడమే దాని పని. అన్నేళ్లు దాని కింద అణగి ఉన్న ఏడుపు, మందు సగమయ్యేసరికి పైకి వచ్చింది.

ఆ సాయంత్రం విఠల్ సారుకు చెప్పాను. మోతాదు మళ్లీ పెంచుదామా అని అడిగాను.

"ఎందుకు? పెనిమిటి పోయినామె ఏడుస్తుంటే గది రోగమా?" అన్నారు. మళ్లీ తనే మెల్లగా అన్నారు. "తొందర మాత్రం పడకు. గీ విడత తగ్గించకు, గంతే. ఆమెను కూసోవెట్టి మాట్లాడు."

నిజానికి అది చాలా గడ్డు సమయం. మూసేసిన కాంపౌండు వేరే వాళ్ల పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఒక సాయంత్రం లచ్చవ్వ దాని గేటు దాకా వెళ్లి వచ్చిందని ఆమే చెప్పింది.

"లోపలికి వెళ్లావా?"

"పోలే. పోతె మళ్లా మనిషి పోతడు గదా."

ఆ మాటను నేను అప్పుడు సరిగా వినలేదు. ఆమె కోరుకుంటున్నది బాధ పోవడం అనుకున్నాను. ఆమెకు కావలసింది మనిషి. బాధ లేకుండా ఆ మనిషి రాడని ఆమెకు ముందే తెలిసింది.

తర్వాతి విడత ఆమె ఇంకో ప్రశ్నతో వచ్చింది. కూర్చున్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సిగ్గుపడుతున్నట్టు మెల్లగా అడిగింది.

"మరిపించే గోలి ఉన్నది గదా. యాదికి తెచ్చే గోలి ఉండదా?"

"ఏం గుర్తుకు రావాలి లచ్చవ్వా?"

"ఆఖరికి ఆయన ఏమన్నడో యాదికి లేదు. ఎంత సోంచాయించినా రాదు. పొద్దంత యాదికున్నది, మాపటిది యాదికి లేదు. ఏదో అన్నడు. నాకేదో చెప్పిండు. ఆయన పక్కపొంటే పండుకున్న నేను. ఒక్క మాటకన్న గోలియ్యి."

ఈ మందు భయాన్ని ఆపే చోటే కాదు, కొత్త జ్ఞాపకాలు నిలిచే చోట కూడా పనిచేస్తుంది. మందు ఒంట్లో ఉన్న వేళ జరిగింది అసలు నిలవనే నిలవదు. మరిచిపోయినదైతే ఎప్పుడో ఒకప్పుడు గుర్తుకు రావచ్చు. నిలవనిది ఎక్కడి నుంచి వస్తుంది? ఆ సాయంత్రాలన్నీ ఆమె లోపలికి చేరనే లేదు.

మెల్లగా గుర్తుకొస్తుందిలే అని చెప్పి పంపవచ్చు. చాలామంది అదే చెబుతారు. నేను పక్క గదిలోకి వెళ్లి విఠల్ సారును అడిగాను. ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టారు.

"గోలి లేదని చెప్పు. అబద్ధం చెప్తె ఆమె బతికినన్ని రోజులు ఎదురుచూస్తది." నేను తలుపు దాకా వచ్చాక వెనక నుంచి మళ్లీ పిలిచారు. "ఆ దినం ఇంట్ల ఇంకెవలున్నరో అడుగు."

బల్ల మీది పిల్ల

తిరిగి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గోలి లేదు, ఉండదు, అది నీ తప్పు కాదు, కల్లులో కలిపిన మందు చేసిన పని అని. లచ్చవ్వ కదలకుండా విన్నది. ఆమె కళ్లు మాత్రం నన్ను వదిలి ఎటో పోయాయి. అప్పుడు అడిగాను.

"ఆ రోజు ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవలుంటరు? నేను, ఆయన, రజిత. దానికి గప్పుడు పదేండ్లన్న లేవు."

"రజితను ఎప్పుడైనా అడిగావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "దాన్ని అడుగ మొకం లేదు."

నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లి రజితను లోపలికి పిలిచాను. ఆ పిల్ల ఫోను సంచిలో పెట్టుకుని వచ్చి, తల్లి పక్కన కుర్చీ ఉన్నా గోడకు ఆనుకుని నిలబడింది. నేను చెప్పబోతుంటే లచ్చవ్వే నోరు తెరిచింది. కూతురి ముఖం చూడకుండా, తన చేతులు చూసుకుంటూ అడిగింది.

"బిడ్డా, మీ బాపు ఆఖరికి ఏమన్నడే?"

రజిత ముఖం బిగుసుకుపోయింది. "గిప్పుడా అడిగేది?"

"యాదికి లేదే నాకు."

"ఎట్లుంటది? పండుకున్నవ్ గదా!" ఆ గొంతు పెద్దదైంది. వరండాలో వాళ్లు తొంగిచూశారు. నేను వెళ్లి తలుపు మూశాను. "తెల్లారుతుండె. బాపు లేసి కూసున్నడు. ఊపిరి ఆడుతలేదు. నేను నిన్ను ఊపిన. నువ్వు లేవలే. మొకం మీద నీళ్లు సల్లిన. లేవలే. ఒక్కదాన్ని నేను. ఎంత సిన్నదాన్ని!"

లచ్చవ్వ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. ఆపాలా అని నాకు అనిపించింది. ఆపలేదు.

"మళ్లా ఊపబోయిన. బాపు నా చెయ్యి పట్టుకున్నడు." రజిత కళ్లు తుడుచుకుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు గొంతులో కోపం లేదు, చిన్నపిల్ల గొంతులా ఉంది. "లేపకు బిడ్డా అన్నడు. మీ అవ్వ శాన అలిసి నిద్రపోయింది. పండనియ్యి అన్నడు. నన్ను పక్కకు కూసోవెట్టుకున్నడు. మంచినీళ్లు తాగిండు. పొద్దెక్కుతుంటే పాణం పోయింది."

బయట అటెండర్ ఎవరినో వరుసలో నిలబెడుతున్నాడు.

"లేపకు అన్నడా?" అన్నది లచ్చవ్వ.

"ఆఁ."

"కోపంగ అన్నడా?"

"లేదే అవ్వా. నీ దిక్కు సూసుకుంటనే అన్నడు. దుప్పటి సక్కగ కప్పమన్నడు. నేనే కప్పిన."

లచ్చవ్వ నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అలాంటి ఏడుపు నా సర్వీసులో చాలాసార్లు విన్నాను, ఆ వేళ మాత్రం బల్లకు ఇవతల కూర్చోలేకపోయాను. లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూసేసరికి రజిత కుర్చీలో కూర్చుని ఉంది, తల్లి తల ఆ పిల్ల ఒడిలో ఉంది.

"నువ్వు లేస్తలేవని శాన తిట్టుకున్ననే," అంటోంది రజిత. "బాపు చెప్పింది గూడ నీకు చెప్పొద్దనుకున్న."

ఆ తర్వాత ఓపీకి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసే లోపలికి వచ్చేవారు. లచ్చవ్వ వెళ్లి రాజేశంతో పనిచేసిన వాళ్లను కూడా అడగడం మొదలుపెట్టింది. ఎవరి దగ్గర ఎంత ఉంటే అంత తెచ్చుకునేది. వచ్చి నాకు చెప్పేది. చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసుకునేవాడట. బిడ్డ పుట్టిన రోజు సాంచాల కాడ అందరికీ జిలేబీ పంచాడట. తెలిసినవే అయినా కొత్తగా విన్నట్టు చెప్పేది. మందు పావుకు వచ్చింది, తర్వాత రోజు విడిచి రోజు, తర్వాత ఆగిపోయింది. నిద్ర సరిగా పట్టని రోజులు చాలా ఉండేవి. వాటిని ఓర్చుకుంది. చివరిసారి వచ్చినప్పుడు "ఇక రానక్కర్లేదు లచ్చవ్వా" అన్నాను. సరే అని వెళ్లిపోయింది.

బాగైన వాళ్లు తిరిగి రారు

ఇది మీకు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. మన వృత్తిలో బాగైన వాళ్లు తిరిగి రారు. రావద్దనే కదా మన కష్టమంతా. కానీ వాళ్ల కోసం మనసు ఎంత కొట్టుకుంటుందో రిటైరయ్యాకే తెలుస్తుంది. బాగుకాని వాళ్ల ముఖాలు ఏళ్ల తరబడి చూశాను కాబట్టి గుర్తున్నాయి. బాగైన వాళ్లు కొద్ది నెలలే కనిపించారు. వాళ్లలో ఎవరు ఎక్కడ ఉన్నారో, ఏ బస్సులో నా పక్కనే కూర్చుని దిగిపోయారో నాకు తెలియదు.

విఠల్ సారు రిటైరై ఊరికి వెళ్లిపోయారు. వెళ్లి కలవాలని ప్రతి ఎండాకాలం అనుకునేదాన్ని. ఆయన పోయారన్న కబురు నాకు డ్యూటీలో ఉండగా వచ్చింది. ఆ వేళ ఒక కుర్రడాక్టరు చీటీ తెస్తే "ఇది ఎప్పుడు ఆపుతవ్?" అని నా నోట వచ్చింది. ఆ గొంతు ఎవరిదో నాకే వినిపించి, మిగతా ఓపీ చూడలేకపోయాను.

నేను రిటైరయ్యాక ఒకసారి ధర్మపురి వెళ్లాను. దర్శనం చేసుకుని గోదావరి మెట్ల మీదికి వస్తుంటే "డాక్టరమ్మా!" అని వినిపించింది. లచ్చవ్వ. జుట్టు నెరిసింది, కాస్త ఒళ్లు చేసింది. రజితకు పెళ్లయిందట, అల్లుడితో కలిసి కింద నీళ్ల దగ్గర ఉంది. రాజేశం పేర పిండం పెట్టించడానికి వచ్చారట. అప్పుడు దినాలు చేశారని తెలుసు గానీ ఎలా చేశారో తనకు గుర్తు లేదు కాబట్టి, ఈసారి కళ్లారా చూసుకోవాలని లచ్చవ్వే పట్టుబట్టి తీసుకొచ్చిందట.

మెట్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. చాలాసేపు ఏవేవో మాట్లాడుకున్నాం. చివరికి డాక్టరు బుద్ధి ఊరుకోక అడిగాను.

"ఇంకా గుర్తుకొస్తాడా?"

"రోజొస్తడు. కూర వండితే వస్తడు, వాన పడితే వస్తడు."

"బాధగా ఉంటుందా?"

"ఉంటది." కింద కూతురు పిలుస్తోంది. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేసి లేచింది. "ఉండనియ్యి డాక్టరమ్మా. గిన్నేండ్లు దానికి గూడ దూరమైతిని."

మెట్లు దిగి వాళ్ల దగ్గరికి వెళ్లింది. నేను తిరుగు బస్సు ఎక్కాను. ఆ మాట విఠల్ సారుకు చెప్పాలనిపించింది. వెంటనే, ఆ క్షణమే చెప్పాలనిపించింది. చెప్పుకోవడానికి ఆయన లేరు. కరీంనగర్ వచ్చేదాకా కిటికీ పక్కన కూర్చుని, బయటి పొలాల వైపు తిరిగి, పెదవులు కదలకుండా ఆయనకే చెబుతూ వచ్చాను.